ఆర్‌లో సారాంశ గణాంకాలను ఫైలులోకి ఎగుమతి చేయడం: సమ్మరీ ఫలితం అంకెలుగా కాక పాఠ్యంగా వస్తోంది

ప్రశ్న

నమస్కారం. గణాంక విశ్లేషణకు వాడే ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో ఒక డేటా ఫ్రేమ్‌కు (వరుసలు, కాలమ్‌లు గల పట్టికకు) సంబంధించిన సారాంశ గణాంకాలను ఫైలులోకి ఎగుమతి చేసే సరైన పద్ధతి ఏమిటో తెలుసుకోవాలనుకుంటున్నాను. నా అసలు డేటాను బయట పెట్టే వీలు లేదు కనుక, ఆర్‌తో పాటే వచ్చే ఎయిర్‌క్వాలిటీ డేటాతో సమస్యను చూపిస్తాను. 1973 మే నుంచి సెప్టెంబరు వరకు న్యూయార్క్‌లో రోజువారీగా నమోదు చేసిన గాలి కొలతలు అందులో ఉన్నాయి. 153 వరుసలు, 6 కాలమ్‌లు గల చిన్న డేటా కాబట్టి, నేను చెబుతున్న ఫలితాన్ని ఎవరైనా తమ యంత్రంలో సరిచూసుకోవచ్చు.

ఈ డేటా ఫ్రేమ్‌ను సమ్మరీ ఫంక్షన్‌కు ఇస్తే కన్సోల్‌లో పొందికైన పట్టిక కనిపిస్తుంది. ఆ ఫలితాన్ని ఒక పేరుతో దాచి, దాన్నే రైట్ డాట్ సీఎస్‌వీకి (పట్టికను కామాలతో వేరుచేసిన పాఠ్యపు ఫైలుగా, అంటే సీఎస్‌వీగా రాసే ఫంక్షన్‌కు) అందించాను. ఎర్రర్ ఏదీ రాలేదు, ఫైలు తయారైంది. అయితే ఎక్సెల్‌లో తెరిచి చూస్తే, ఓజోన్ కాలమ్ మొదటి గడిలో 1 అనే అంకె ఉండవలసిన చోట మిన్ అనే మాట, చుక్క, కొన్ని ఖాళీలు, కోలన్, ఆ తరువాత 1.00, మళ్లీ ఖాళీలు అన్నీ కలిసి ఒకే పాఠ్యంగా ఉన్నాయి. ప్రతి గడిలోనూ ఇదే తంతు. ఈ గడులతో ఏ లెక్కా చేయలేము, వాటిని క్రమంలో పెట్టలేము.

మరో రెండు విషయాలు కూడా నాకు అర్థం కాలేదు. విండ్ కాలమ్‌లో ఒక్క విలువ కూడా లోపించలేదు, అయినా ఫైలులో ఆ కాలమ్ చివరి గడిలో ఎన్‌ఏ (లోపించిన విలువకు ఆర్ వాడే గుర్తు) అని ఉంది. సోలార్ డాట్ ఆర్ మొదటి చతుర్థాంశం ఫైలులో 115.8 అని ఉండగా, క్వాంటైల్ ఫంక్షన్‌తో విడిగా లెక్కిస్తే 115.75 వస్తోంది. ఫలితాన్ని యాజ్ డాట్ డేటా డాట్ ఫ్రేమ్‌తో మార్చి చూస్తే 42 వరుసల పొడవైన పట్టిక వచ్చింది. అందులో ఫ్రీక్ అనే శీర్షిక కింద ఉన్నవి పౌనఃపున్యాలు కావు, మళ్లీ అవే పాఠ్యాలు.

నాకు కావలసింది ఒక్కో చలరాశికి ఒక్కో వరుస. కాలమ్‌లలో విలువల సంఖ్య, సగటు, ప్రామాణిక విచలనం, మధ్యగతం, చతుర్థాంశాలు ఉండాలి. ఇదే పట్టిక నెలవారీగా కూడా కావాలి. ఫైలు అందుకునేవారి దగ్గర ఆర్ ఉండదు, వారు ఎక్సెల్‌లోనే చూస్తారు. ఒకే ఆదేశంతో ఇది సాధ్యమేనా, లేక ప్రతి సంఖ్యనూ విడిగా లెక్కించి చేర్చుకోవాలా?

మొదటి జవాబు

రైట్ డాట్ సీఎస్‌వీ తన పని తాను సరిగానే చేసింది, చిక్కంతా దానికి మీరు అందించిన వస్తువులో ఉంది. డేటా ఫ్రేమ్‌ను ఇచ్చినప్పుడు సమ్మరీ తిరిగి ఇచ్చేది అంకెల పట్టిక కాదు, కంటితో చదువుకోవడానికి ముందుగానే దిద్ది తీర్చిన పాఠ్యాల పట్టిక. దాని తరగతి ఏమిటో క్లాస్ ఫంక్షన్‌తో అడిగితే టేబుల్ అని చెబుతుంది, లోపల ఉన్న విలువల రకం ఏమిటో టైప్ ఆఫ్‌తో అడిగితే క్యారెక్టర్ అని చెబుతుంది. 7 వరుసలు, 6 కాలమ్‌లు ఉన్నాయి కనుకనే పొడవుగా మార్చినప్పుడు మీకు 42 వరుసలు వచ్చాయి.

విండ్ కింద కనిపించిన ఎన్‌ఏ కూడా ఈ అమరిక వల్ల వచ్చినదే. ఓజోన్‌లో 37, సోలార్ డాట్ ఆర్‌లో 7 విలువలు లోపించాయి కాబట్టి, ఆ సంఖ్యలను చూపడానికి పట్టికకు ఏడవ వరుస అవసరమైంది. మిగిలిన నాలుగు చలరాశులకు ఆ వరుసలో చూపవలసింది ఏమీ లేదు, అందుచేత ఆ గడులు ఎన్‌ఏగా మిగిలాయి. కన్సోల్‌లో ముద్రించేటప్పుడు ఆ గడులను ఖాళీగా చూపుతుంది కాబట్టి అక్కడ అవి కంటికి కనబడవు. ఫైలులోకి వెళ్లాక మాత్రం, లోపించిన విలువలేవీ లేవన్న సంగతి సరిగ్గా తిరగబడి, ఏదో లోపించిందన్నట్టు చదువరికి అందుతుంది. ఈ ఒక్క కారణం చాలు, సమ్మరీ పట్టికను సీఎస్‌వీగా ఎవరికీ పంపకూడదని చెప్పడానికి.

115.8 విషయానికి వస్తే, డేటా ఫ్రేమ్ సమ్మరీ తన అంకెలను మామూలుగా నాలుగు సార్థక అంకెల మేరకు తీర్చి పాఠ్యంగా మారుస్తుంది. అసలు విలువ 115.75 ఆ పాఠ్యంలో ఎక్కడా మిగలదు, కాబట్టి తరువాత ఆ పాఠ్యాన్ని కోసి అంకెను బయటికి తీసినా పోయిన ఖచ్చితత్వం తిరిగి రాదు. ఆర్ 3.4.0 కంటే పాత వెర్షన్లలో ఒకే వెక్టర్‌కు సమ్మరీ అడిగినా లెక్కించిన విలువనే ఇలా కుదించేవారు. ఆ వెర్షన్ నుంచి వెక్టర్ విషయంలో కుదింపు ముద్రణకే పరిమితమైంది, డేటా ఫ్రేమ్ విషయంలో పాఠ్యమే మిగిలింది.

ఇక పరిష్కారం. ముందుగా ఒక చిన్న ఫంక్షన్ రాసుకోండి. అది ఒక అంకెల వెక్టర్‌ను తీసుకొని, పేర్లు తగిలించిన తొమ్మిది సంఖ్యల వెక్టర్‌ను తిరిగి ఇవ్వాలి: ఉన్న విలువల సంఖ్య, లోపించిన వాటి సంఖ్య, సగటు, ప్రామాణిక విచలనం, కనిష్ఠం, మొదటి చతుర్థాంశం, మధ్యగతం, మూడవ చతుర్థాంశం, గరిష్ఠం. సగటు మొదలుకొని చివరి దాకా అన్నింటిలోనూ ఎన్‌ఏ డాట్ ఆర్‌ఎమ్‌కు (లోపించిన విలువలను వదిలేయమని చెప్పే ఆర్గ్యుమెంట్‌కు) ట్రూ అని ఇవ్వాలి, లేకపోతే ఓజోన్ సగటు ఎన్‌ఏ అని వస్తుంది, క్వాంటైల్ అయితే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఈ ఫంక్షన్‌ను, ఒకే ఫంక్షన్‌ను ఒక్కో కాలమ్ మీద వరుసగా నడిపే ఎస్‌అప్లైతో ఓజోన్, సోలార్ డాట్ ఆర్, విండ్, టెంప్ కాలమ్‌ల మీద నడిపితే తొమ్మిది వరుసలు, నాలుగు కాలమ్‌లు గల మాత్రిక వస్తుంది. టీ అనే ఒక్క అక్షరపు ఫంక్షన్‌తో దాన్ని తిప్పితే మీరు కోరినట్టు ఒక్కో చలరాశికి ఒక్కో వరుస సిద్ధం. చలరాశుల పేర్లు ఆ మాత్రికలో వరుసల పేర్లుగా ఉంటాయి కనుక, వాటిని తీసి మొదటి కాలమ్‌గా పెట్టి డేటా ఫ్రేమ్‌గా మార్చండి. ఆ తరువాత రైట్ డాట్ సీఎస్‌వీని రో డాట్ నేమ్స్‌కు ఫాల్స్ ఇచ్చి పిలవండి.

మంత్, డే కాలమ్‌లను నేను కావాలనే వదిలేశాను. అవి అంకెల రూపంలో ఉన్నా కొలతలు కావు. నెల సగటు 6.993 అని పట్టికలో రాస్తే దానికి అర్థం ఏముంటుంది?

సొంత ఫంక్షన్ ఎందుకు, సమ్మరీనే ఎస్‌అప్లైతో నడిపితే సరిపోదా అని అనిపించవచ్చు. లోపించిన విలువలున్న కాలమ్‌కు సమ్మరీ ఏడు సంఖ్యలను, లేని కాలమ్‌కు ఆరు సంఖ్యలను ఇస్తుంది. పొడవులు కలవవు కనుక ఎస్‌అప్లై మాత్రికను కట్టలేక, ఏ హెచ్చరికా లేకుండా జాబితాను చేతిలో పెడుతుంది. ఈ రోజు లోపాలు లేని డేటాతో చక్కగా నడిచిన స్క్రిప్టు, రేపు ఒక్క గడి ఖాళీ కాగానే దెబ్బతింటుంది. ఎస్‌అప్లైకి బదులు వీఅప్లై వాడి, ప్రతిసారీ తొమ్మిది సంఖ్యలే రావాలని ముందే నిర్దేశిస్తే, ఇలాంటి తేడా వచ్చిన చోటే ఎర్రర్‌తో ఆగుతుంది. నా వరకు అదే మేలైన పద్ధతి.

రెండవ జవాబు

పై వివరణతో ఏకీభవిస్తూ, నెలవారీ పట్టిక గురించి మాత్రమే రాస్తాను.

డీప్లైర్ ప్యాకేజీలో సాధారణంగా చూపించే మార్గం గ్రూప్ బై, ఆ తరువాత సమ్మరైజ్, దాని లోపల అక్రాస్. అక్రాస్‌కు నాలుగు కాలమ్‌లు, తొమ్మిది ఫంక్షన్‌లు ఇస్తే నెలకు ఒక వరుస చొప్పున 36 కాలమ్‌ల వెడల్పాటి పట్టిక వస్తుంది, నెల కాలమ్ అదనం. కాలమ్ పేరు, ఫంక్షన్ పేరు అండర్‌స్కోర్‌తో అతుక్కొని శీర్షికలు తయారవుతాయి. దీన్ని పొడవు చేయడానికి ఆ శీర్షికలను అండర్‌స్కోర్ దగ్గర విడగొట్టాలి, మీ అసలు డేటాలోని పేర్లలోనే అండర్‌స్కోర్ ఉంటే ఎక్కడ విడగొట్టాలో తెలియక పట్టిక చెదిరిపోతుంది. అందువల్ల నేను క్రమాన్నే తిరగేస్తాను. ముందు టైడీఆర్‌లోని పివట్ లాంగర్‌తో నాలుగు కొలతలనూ చలరాశి, విలువ అనే రెండు కాలమ్‌లుగా పొడవు చేసి, తరువాత నెల, చలరాశి రెండింటి మీదా గ్రూప్ చేసి, సమ్మరైజ్‌లో తొమ్మిది సంఖ్యలనూ మామూలుగా రాసుకుంటే, ఐదు నెలలకు నాలుగు చలరాశుల చొప్పున 20 వరుసలు నేరుగా వస్తాయి. సమ్మరైజ్‌లో డాట్ గ్రూప్స్‌కు డ్రాప్ అని ఇవ్వడం మంచిది, లేకపోతే వచ్చిన పట్టిక ఇంకా నెలల వారీగా గ్రూప్ అయి ఉండి తరువాతి లెక్కలను ప్రభావితం చేస్తుంది.

ఇక్కడ విలువల సంఖ్య కోసం ఎన్ అనే ఫంక్షన్‌ను వాడకండి. అది వరుసలను లెక్కిస్తుంది, లోపించిన వాటిని కూడా కలుపుకుంటుంది. ఎన్‌ఏ కాని విలువలను ఈజ్ డాట్ ఎన్‌ఏకు వ్యతిరేకం తీసుకొని సమ్‌తో కూడాలి. ఈ డేటాలోనే తేడా ఎంతో చూడండి: జూన్ నెలలో 30 వరుసలున్నా ఓజోన్ విలువలు 9 మాత్రమే ఉన్నాయి, తక్కిన 21 రోజులవి లోపించాయి. జూన్ ఓజోన్ సగటు 29.44 అని, ఆగస్టుది 59.96 అని పక్కపక్కన చూపిస్తే, మొదటిది తొమ్మిది రోజుల సగటని, రెండవది 26 రోజుల సగటని చదివేవారికి తెలియాలి. 30 అని రాసిన ఫైలు వారిని తప్పుదారి పట్టిస్తుంది.

ప్యాకేజీలు వద్దనుకొని అగ్రిగేట్ ఫంక్షన్ వాడేవారు మరొక సంగతి గమనించాలి. ఓజోన్, టెంప్ రెండింటినీ సీబైండ్‌తో కలిపి నెల మీద ఫార్ములా రూపంలో రాస్తే, ఓజోన్ లోపించిన ప్రతి వరుసనూ అది ముందే తొలగించి ఆ తరువాతే లెక్క మొదలుపెడుతుంది. ఉష్ణోగ్రత 30 రోజులకూ ఉన్నప్పటికీ, జూన్ ఉష్ణోగ్రత సగటు కూడా ఆ 9 రోజుల నుంచే వస్తుంది. ఏ హెచ్చరికా కనిపించదు. ఒక్కో చలరాశికి విడిగా నడపడమో, ఎన్‌ఏ డాట్ యాక్షన్‌కు ఎన్‌ఏ డాట్ పాస్ ఇచ్చి, సగటు ఫంక్షన్‌కు ఎన్‌ఏ డాట్ ఆర్‌ఎమ్‌ను ట్రూగా అందించడమో చేయాలి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు పట్టికలూ సక్రమంగా వచ్చాయి, గడుల్లో అంకెలే ఉన్నాయి. అయితే ఇదే పద్ధతిని నా అసలు డేటాకు వర్తింపజేసినప్పుడు మూడు చిక్కులు ఎదురయ్యాయి. సరిగ్గా లక్ష ఉన్న గరిష్ఠ విలువ ఫైలులో ఒకటి, ఇ అక్షరం, ప్లస్ గుర్తు, 05 అనే శాస్త్రీయ రూపంలో పడింది. తెలుగులో పెట్టిన కాలమ్ శీర్షికలు ఎక్సెల్‌లో గుర్తుపట్టలేని గుర్తులుగా కనిపిస్తున్నాయి. ఫైలు అందుకున్నవారు అదే డేటాతో ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో లెక్కించి, సగటు, మధ్యగతం సరిపోయాయని, చతుర్థాంశాలు మాత్రం తేడాగా ఉన్నాయని రాశారు. ఎవరి లెక్క తప్పు?

మూడవ జవాబు

ఎవరి లెక్కా తప్పు కాదు. చతుర్థాంశాన్ని లెక్కించే పద్ధతి ఒకటి కాదు. 1996లో హైండ్‌మన్, ఫాన్ తమ వ్యాసంలో వర్గీకరించిన తొమ్మిది పద్ధతులూ ఆర్‌లోని క్వాంటైల్ ఫంక్షన్‌లో టైప్ అనే ఆర్గ్యుమెంట్ ద్వారా అందుబాటులో ఉన్నాయి. ఏమీ చెప్పకపోతే ఆర్ ఏడవ పద్ధతిని వాడుతుంది, ఎస్‌పీఎస్‌ఎస్ వాడేది ఆరవది. 1 నుంచి 10 వరకు ఉన్న పది సంఖ్యలతో పరీక్షించండి: మొదటి చతుర్థాంశం ఏడవ పద్ధతిలో 3.25, ఆరవ పద్ధతిలో 2.75, రెండవ పద్ధతిలో 3 వస్తుంది. మధ్యగతం మూడింటిలోనూ 5.5 కావడం వల్లే మీ ఇద్దరికీ అది సరిపోయింది. సాస్ అనే మరో గణాంక సాఫ్ట్‌వేర్ వాడేవారికి పంపేటప్పుడు రెండవ పద్ధతి పోలుతుంది. ఎక్సెల్‌లో క్వార్టైల్ డాట్ ఇంక్ ఆర్ మామూలు ఫలితంతో కలుస్తుంది, క్వార్టైల్ డాట్ ఎక్స్‌క్ ఆరవ పద్ధతితో కలుస్తుంది. విలువలు ఎక్కువగా ఉన్నప్పుడు ఈ తేడా దాదాపు కనిపించదు. మీ గ్రూపుల్లో తొమ్మిది, పది విలువలే ఉంటే మాత్రం స్పష్టంగా బయటపడుతుంది. ఏ పద్ధతి వాడారో ఆ సంఖ్యను పట్టికలోనే ఒక కాలమ్‌గా చేర్చి పంపితే ఉత్తర ప్రత్యుత్తరాల బెడద తప్పుతుంది.

ప్రామాణిక విచలనంలోనూ ఇలాంటి తేడా ఉంది, అదృష్టవశాత్తు అది మీకు తగల్లేదు. ఆర్‌లోని ఎస్‌డీ ఎప్పుడూ విలువల సంఖ్యలో ఒకటి తగ్గించి భాగిస్తుంది. పైథాన్‌లో నంపై ఏమీ చెప్పకపోతే పూర్తి సంఖ్యతో భాగిస్తుంది, పాండాస్ మాత్రం ఆర్‌లాగే ఒకటి తగ్గిస్తుంది.

లక్ష విషయంలో, రైట్ డాట్ సీఎస్‌వీ ఒక్కో సంఖ్యనూ ఏ రూపం పొట్టిగా ఉంటే ఆ రూపంలో రాస్తుంది. 123456 ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది, 100000 మాత్రం ఆరు అక్షరాలకు బదులు అయిదింటిలో ఇముడుతుంది కనుక శాస్త్రీయ రూపం దాల్చుతుంది. ఎక్సెల్ దాన్ని సంఖ్యగానే చదువుతుంది, విలువకు నష్టం లేదు, కానీ చూడడానికి ఇబ్బందే. ఫైలు రాసే ముందు ఆప్షన్స్‌లో సైపెన్‌ను (శాస్త్రీయ రూపాన్ని ఎంతగా తప్పించాలో చెప్పే అమరికను) 999కి పెంచండి. ఈ సందర్భంలోనే కొందరు ఫార్మాట్ ఫంక్షన్‌తో దశాంశాలను సరిచేస్తుంటారు. అలా చేయవద్దు, అది అంకెను మళ్లీ పాఠ్యంగా మారుస్తుంది, మీరు మొదట ఎక్కడ చిక్కుకున్నారో అక్కడికే చేరుతారు. రెండు దశాంశాలు చాలనుకుంటే రౌండ్ వాడండి. నేనైతే ఫైలులో పూర్తి విలువనే ఉంచి, ఎన్ని దశాంశాలు కనిపించాలన్నది ఎక్సెల్‌లోని గడి అమరికకు వదిలేస్తాను.

తెలుగు శీర్షికలు చెడిపోవడానికి కారణం ఫైలు కాదు. ఫైలు యూటీఎఫ్-8లోనే ఉన్నా, ఆ సంగతి తెలిపే గుర్తు మొదట్లో లేకపోతే ఎక్సెల్ దాన్ని వేరే సంకేతీకరణగా భావించి తెరుస్తుంది. రీడర్ ప్యాకేజీలోని రైట్ ఎక్సెల్ సీఎస్‌వీ ఆ గుర్తును ముందు పెట్టి రాస్తుంది, పేరులో ఎక్సెల్ ఉన్నా అది రాసేది సీఎస్‌వీనే. అయితే అందుకునేవారు ఫైలును ఎక్సెల్‌లోనే చూస్తారని మీరే అన్నారు కదా, అలాంటప్పుడు సీఎస్‌వీ మీద పట్టుదల ఎందుకు? రైట్ఎక్స్ఎల్ ప్యాకేజీలోని రైట్ ఎక్స్ఎల్ఎస్ఎక్స్ ఫంక్షన్‌కు జావా అవసరం లేదు, శాస్త్రీయ రూపం, లిపి సమస్యలు రెండూ దానితో తీరుతాయి. మొత్తం పట్టికను, నెలవారీ పట్టికను పేర్లతో కూడిన ఒక జాబితాగా కట్టి అందిస్తే, ఒకే ఫైలులో రెండు షీట్లుగా వస్తాయి.

నాలుగవ జవాబు

సమ్మరీ పట్టికను ఎక్కడికీ పంపకూడదన్న మొదటి జవాబు కొంచెం కఠినంగా ఉంది. లెక్కలు వేసుకోవడానికి కాక, ఫలానా రోజున డేటా ఇలా ఉందని దస్త్రంలో ఉంచుకోవడానికైతే, కన్సోల్‌లో కనిపించినది కనిపించినట్టు పాఠ్యపు ఫైలుగా దాచుకోవడం సబబే. దానికి సీఎస్‌వీ కాదు, క్యాప్చర్ డాట్ అవుట్‌పుట్ వాడాలి. సమ్మరీ పిలుపును, ఫైలు పేరును ఇస్తే అది రాసి, ఫైలును తానే మూసేస్తుంది. ముందుగా ఆప్షన్స్‌లో విడ్త్‌ను 200 చేయకపోతే, 80 అక్షరాలు దాటగానే కాలమ్‌లు కిందికి విరిగిపడతాయి.

ఇదే పనికి, కన్సోల్ ఫలితాలను ఫైలులోకి మళ్లించే సింక్ ఫంక్షన్ వాడేవారు ఎక్కువ. దానితో జాగ్రత్త అవసరం. ఫైలు పేరుతో సింక్‌ను తెరిచాక, ఖాళీ కుండలీకరణాలతో మళ్లీ పిలిచి మూయాలి. మధ్యలో ఎర్రర్ వచ్చి ఆ మూసే వరుస దాకా వెళ్లకపోతే, ఆ తరువాత ఏ ఆదేశమిచ్చినా కన్సోల్‌లో ఫలితం కనిపించదు, అన్నీ ఫైలులోకే పోతుంటాయి. ఇంకా ఎన్ని సింక్‌లు తెరిచి ఉన్నాయో సింక్ డాట్ నంబర్ చెబుతుంది. హెచ్చరికలు మామూలు సింక్‌లోకి చేరవని కూడా గుర్తుంచుకోవాలి. చాలామంది అడిగే మరో ప్రశ్న, స్క్రిప్టును సోర్స్‌తో నడిపినప్పుడు సింక్ ఫైలు ఖాళీగా ఎందుకు వస్తుందన్నది. సోర్స్ మామూలుగా ఫలితాలను తనంతట తాను ముద్రించదు, సమ్మరీని ప్రింట్‌లో పెట్టి పిలవాలి. ఫర్ లూప్ లోపల కూడా ఇదే నియమం.

నెలనెలా కొత్త ఫలితాన్ని పాత ఫైలు చివర చేర్చాలనుకుంటే రైట్ డాట్ సీఎస్‌వీ పనికిరాదు, అపెండ్ అని ఇచ్చినా ఒక హెచ్చరిక పడేసి, దాన్ని పట్టించుకోకుండా పాత ఫైలు మీదే రాసేస్తుంది. రైట్ డాట్ టేబుల్‌లో సెప్‌కు కామా, అపెండ్‌కు ట్రూ, కాల్ డాట్ నేమ్స్‌కు ఫాల్స్ ఇవ్వండి.

చివరిగా, ఒకే ఆదేశంతో సాధ్యమా అన్న మొదటి ప్రశ్నకు ఎవరూ నేరుగా జవాబివ్వలేదు. సైక్ ప్యాకేజీలోని డిస్క్రైబ్ దాదాపు అదే పని చేస్తుంది: చలరాశికి ఒక వరుస చొప్పున లోపించని విలువల సంఖ్య, సగటు, ప్రామాణిక విచలనం, మధ్యగతం, కనిష్ఠం, గరిష్ఠం మొదలైనవాటిని అంకెలుగానే ఇస్తుంది. చతుర్థాంశాలు మామూలుగా రావు, క్వాంట్ ఆర్గ్యుమెంట్‌లో 0.25, 0.75 అని కోరాలి. గ్రూపుల వారీగా కావాలంటే డిస్క్రైబ్ బైని మ్యాట్‌కు ట్రూ ఇచ్చి పిలవాలి, లేకపోతే పట్టికకు బదులు జాబితా వస్తుంది. డిస్క్రైబ్ ఫలితంలో చలరాశుల పేర్లు కాలమ్‌గా కాక వరుసల పేర్లుగా ఉంటాయి. పై జవాబుల్లోని అలవాటు ప్రకారం రో డాట్ నేమ్స్‌కు ఫాల్స్ ఇచ్చి రాసినా, వరుసల పేర్లను అసలే రాయని రైట్ ఎక్స్ఎల్ఎస్ఎక్స్‌కు నేరుగా అందించినా, ఏ వరుస ఏ చలరాశిదో తెలియని ఫైలు మిగులుతుంది. కాబట్టి ముందు రో నేమ్స్‌తో వాటిని తీసి ఒక కాలమ్‌గా చేర్చుకొని, ఆ తరువాతే ఎగుమతి చేయండి.